మా వీధి కాలువ ఫైలు

మే 4, ఆదివారం

నిన్న సాయంత్రం గంటసేపు వాన పడింది. పొద్దున్న లేచి చూస్తే బడి గోడ పక్కన మళ్లీ అదే మడుగు. వీధి నీళ్లన్నీ కాలువ చివరి దాకా వచ్చి, ముందుకు దారి లేక వెనక్కి ఎగదన్నుతున్నాయి. ఈ కాలువ కట్టి ఇంకా రెండేళ్లు నిండలేదు. కట్టినప్పుడు పాతిన శిలాఫలకం మీద ఏడుగురి పేర్లు చెక్కారు. పొడవు ఎంతో, ఖర్చు ఎంతో చెక్కించడానికి మాత్రం రాయి చాలలేదు.

"సగం కట్టారు, సగం మింగేశారు" అంది ఎదురింటి పిన్ని, వాకిట్లో నీళ్లు చీపురుతో తోసేస్తూ. వీధిలో అందరూ అనే మాటే ఇది. నేను ఒక బియ్యం మిల్లులో పద్దులు రాస్తాను. పన్నెండేళ్లలో ఓచరు లేకుండా ఒక్క రూపాయి ఖర్చు రాసిన పాపాన పోలేదు. "మింగేశారు" అనే మాటను ఏ పద్దు కింద రాయాలో నాకు తెలియదు. అందుకే ఈ డైరీ మొదలుపెట్టాను. పంచాయతీ నుంచి కాలువ కాగితాలు తెప్పించి, టేపు పట్టి, కాగితం మీది కాలువకూ నేల మీది కాలువకూ తేడా ఎంతో రాసుకోవాలి. ప్రాజెక్టు అంతే.

మధ్యాహ్నం తమ్ముడి కొడుకు చేత 30 మీటర్ల టేపు పట్టించాను. రామాలయం మూల నుంచి బడి గోడ దాకా 94.5 మీటర్లు.

మే 5

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాశాను. నాలుగు పేజీలు, తొమ్మిది ప్రశ్నలు. కాలువ నీళ్లు ఎందుకు పోవడం లేదు? నాణ్యత లేకుండా కట్టిన వారి మీద ఏం చర్య తీసుకున్నారు? వీధి ప్రజలకు ఎవరు జవాబుదారీ? రాస్తున్నప్పుడు ఒంట్లో రక్తం ఉరకలు వేసింది.

ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెలుగులోనే రాయవచ్చు, ముద్రించిన ఫారం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. పంచాయతీ కార్యాలయం, గ్రామ సచివాలయం మా ఊళ్లో ఒకే భవనంలో ఉన్నాయి. గోడ మీద సమాచార హక్కు చట్టం బోర్డు ఉంది కానీ దాని మీద ఉన్న పౌర సమాచార అధికారి ఇద్దరు కార్యదర్శుల కిందటే బదిలీ అయ్యారు. అటెండరు దరఖాస్తు తీసుకుని పక్కన పెట్టబోయాడు. నకలు మీద ముద్ర, తేదీ వేసి ఇవ్వమన్నాను. "ఎందుకమ్మా, మేం ఎక్కడికి పోతాం?" అన్నాడు. మీరు పోరు, కాగితం పోతుంది అన్నాను. నవ్వి, వేసి ఇచ్చాడు.

జూన్ 3

ఇరవై తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. ఒకే ఒక్క వాక్యం: మీరు కోరినవి చట్టం సెక్షన్ 2(ఎఫ్)లో చెప్పిన "సమాచారం" అనే నిర్వచనం కిందికి రావు.

ముందు మండిపోయింది. రాత్రి భోజనం చేశాక చట్టం తెలుగు ప్రతి ముందు వేసుకుని కూర్చున్నాను, తప్పు పట్టుకుందామని. పట్టుకున్నాను, కానీ ఆ తప్పు నాది. సమాచారం అంటే ఏదో ఒక రూపంలో ఇప్పటికే ఉన్న వస్తువు: రికార్డు, ఉత్తర్వు, నివేదిక, ఒప్పందం, లాగ్‌బుక్, నమూనా. నేను అడిగినవన్నీ "ఎందుకు"లు. ఏ బీరువాలోనూ "ఎందుకు" అనే ఫైలు ఉండదు. సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈకీ ఆదిత్య బందోపాధ్యాయ్‌కీ మధ్య నడిచిన కేసులో ఇదే తేల్చింది. కార్యాలయంలో ఉన్నది ఇవ్వాలి. లేనిది కొత్తగా తయారు చేసి ఇవ్వనవసరం లేదు, అభిప్రాయం చెప్పనవసరం లేదు.

అయినా కార్యదర్శిగారిని పూర్తిగా వదిలిపెట్టను. దరఖాస్తుదారుకు తగిన సాయం చేయాలని అదే చట్టం సెక్షన్ 5(3)లో ఉంది. "అమ్మా, ఇలా కాదు, ఫలానా కాగితం అడగండి" అని మే 6నే చెప్పి ఉండవచ్చు. నెల రోజులు ఆగడం గడువులోపే, ఒక్క వాక్యం రాసి ఊరుకోవడం మర్యాద మాత్రం కాదు.

జూన్ 7

ఫలానా కాగితం అని అడగాలంటే దాని పేరు తెలియాలి. మిల్లు కొత్త షెడ్డు కట్టినప్పుడు లెక్కలు చూసిన రిటైర్డ్ ఇంజినీరు గారింటికి వెళ్లాను. ఆయన కాఫీ చల్లారేదాకా చెప్పారు, నేను రాసుకున్నాను.

వీధిలో కాలువ పుట్టకముందే కాగితం మీద పుడుతుంది. మొదట పంచాయతీ తీర్మానం, అది తీర్మానాల పుస్తకంలో ఉంటుంది. తర్వాత అంచనా, అంటే ఎస్టిమేటు, దాంతో పాటు పటం. దానికి పరిపాలనా ఆమోదం ఒకటి, సాంకేతిక మంజూరు ఒకటి. ఆపైన పని అప్పగించిన ఉత్తర్వు, ఒప్పందం. పని జరుగుతుండగా కొలతల పుస్తకం. దీన్ని మెజర్‌మెంట్ బుక్ అని ఎవరూ అనరు, అందరికీ అది ఎం-బుక్. కొలతలు ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు రాస్తారు, పై ఇంజినీరు సరిచూసి సంతకం పెడతారు. దాని పేజీలకు వరుస అంకెలు వేసి ఉంటాయి. చింపకూడదు, చెరపకూడదు, దిద్దితే పక్కన పొడి సంతకం ఉండాలి. ఎం-బుక్ మీద ఆధారపడి బిల్లు, బిల్లు మీద ఓచరు, ఓచరు నుంచి నగదు పుస్తకం.

"వీటన్నింటిలో ఒక్కటే అడిగే అవకాశం ఉంటే ఏది అడగాలండీ?" అన్నాను.

"ఎం-బుక్. మిగిలినవన్నీ కట్టబోయే కాలువ గురించో, ఇచ్చిన డబ్బు గురించో చెబుతాయి. కట్టిన కాలువ గురించి చెప్పేది అదొక్కటే."

ఇంటికి వచ్చి ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్ తెరిచాను. 2020 ఏప్రిల్‌లో మొదలైన ఈ పోర్టల్‌లో ఏ పంచాయతీ ఏ తేదీన ఎంత చెల్లించిందో ఎవరైనా చూడవచ్చు, దరఖాస్తు అక్కర్లేదు. మా కాలువ రెండు ఓచర్ల రూపంలో కనిపించింది, మొత్తం 2,91,640 రూపాయలు. డబ్బు 15వ ఆర్థిక సంఘం నిధుల్లోంచి, పారిశుద్ధ్యం పద్దు కింద. ఆ నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ మాత్రమే ఖర్చు పెట్టాలని షరతు ఉంది. ఈ పని అడగకుండానే అయిపోయింది, ఇరవై నిమిషాలు పట్టింది. ముందు ఇక్కడ చూసి ఉంటే ఆ నాలుగు పేజీలు రాసేదాన్నే కాదు.

జూన్ 9, సోమవారం

రెండో దరఖాస్తు. ఒకే పేజీ, ఒక్క "ఎందుకు" లేదు. ఫలానా వీధి కాలువ పని, ఫలానా ఓచరు నంబర్లు అని పైన రాసి, దానికి సంబంధించిన తీర్మానం, పటంతో సహా అంచనా, రెండు మంజూరు ఉత్తర్వులు, పని ఒప్పందం, ఎం-బుక్‌లో ఈ పని కొలతలున్న పేజీలు, బిల్లులు, ఓచర్లు ధ్రువీకరించిన నకళ్లుగా ఇవ్వమన్నాను. చివరన, సెక్షన్ 2(జె) కింద అసలు ఫైలును స్వయంగా చూసుకునే అవకాశం కూడా కోరాను. తనిఖీలో మొదటి గంటకు రుసుము లేదు.

అదే సెక్షన్‌లో పనుల తనిఖీ, వాడిన సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. మా తాపీమేస్త్రికి చెబితే, "అయితే కాలువ గోడలోంచి ముక్క కోసి, ముద్ర వేసి ఇస్తారా అమ్మా?" అని నవ్వాడు. ఇవ్వాలి. కానీ రెండేళ్ల నాటి కాంక్రీటు ముక్క తీసుకుని నేనేం చేసుకోను? వదిలేశాను.

దరఖాస్తు ఇచ్చి ఇంటికి వచ్చేలోపే నాన్నకు ఫోను వచ్చింది. "అమ్మాయికి ఎవరి మీద కోపం?" అని. కారణం చెప్పనక్కర్లేదని సెక్షన్ 6(2) అంటుంది. చట్టానికి చెప్పకపోయినా ఫర్వాలేదు, మా వీధికి చెప్పకుండా ఎలా ఉండగలను? సాయంత్రం పాలకేంద్రం దగ్గర ముగ్గురికి చెప్పాను, ఏ పార్టీ తరఫునా కాదని. ఇద్దరు నమ్మలేదు.

జూన్ 24

23వ తేదీతో ఉత్తరం వచ్చింది. మిగిలినవి పరిశీలనలో ఉన్నాయట. ఎం-బుక్ మాత్రం మండల ఇంజినీరింగ్ కార్యాలయంలో ఉంటుంది కాబట్టి ఆ భాగాన్ని అక్కడికి బదిలీ చేశారట. బదిలీ చేయడం సరైన పనే. సెక్షన్ 6(3) ప్రకారం దరఖాస్తును సంబంధిత కార్యాలయానికి వాళ్లే పంపాలి, "అక్కడికి వెళ్లి అడుక్కో" అనకూడదు. అయితే అది అయిదు రోజుల్లో జరగాలి. ఇక్కడ పద్నాలుగు పట్టింది. ఆ రెండు కార్యాలయాలకూ మధ్య దూరం ఆరు కిలోమీటర్లు.

జూలై 5

మండలం నుంచి జవాబు: ఎం-బుక్‌ను తుది బిల్లుతో పాటు పంచాయతీకి పంపడం జరిగింది, అక్కడ పొందగలరు.

పంచాయతీ మండలాన్ని చూపిస్తుంది, మండలం పంచాయతీని చూపిస్తుంది. ఇంతకీ పుస్తకం ఎక్కడో చోట ఉంది కదా. అంకెలు వేసిన పేజీల పుస్తకం గాల్లో ఉండదు.

జూలై 9

ముప్పయ్యో రోజు. ఏమీ రాలేదు.

జూలై 11

మొదటి అప్పీలు రాశాను. పై అధికారికి, అదే మండలంలో. దీనికీ రుసుము లేదు. గడువు ముగిసిన నాటి నుంచి ముప్పయి రోజుల్లోపు వేయాలి. ఫిర్యాదుకూ అప్పీలుకూ తేడా ఇప్పుడు తెలిసింది. ఫిర్యాదులో కోపం రాస్తాం, అప్పీలులో తేదీలు రాస్తాం. నాది ఇలా ఉంది: జూన్ 9న దరఖాస్తు అందింది, ముద్ర వేసిన నకలు జతచేశాను. జూన్ 23న కొంత భాగం బదిలీ, ఉత్తరం జతచేశాను. జూలై 5న మండల కార్యాలయం జవాబు, అదీ జతచేశాను. జూలై 9తో గడువు ముగిసింది. ఎం-బుక్ విషయంలో రెండు కార్యాలయాల జవాబులు ఒకదానికొకటి పొసగడం లేదు కాబట్టి ఇద్దరినీ ఒకే రోజు పిలిపించగలరు. ఆ చివరి వాక్యం చాలాసేపు ఆలోచించి రాశాను.

జరిమానా గురించి కూడా రాయమని మిల్లులో సలహా ఇచ్చారు. రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా ఉన్న మాట నిజమే. కానీ అది వేయగలిగేది రాష్ట్ర సమాచార కమిషన్ మాత్రమే. మొదటి అప్పీలు అధికారికి ఆ అధికారం లేదు. లేని కత్తి ఝళిపించడం ఎందుకని రాయలేదు.

జూలై 20, ఆదివారం

చేయడానికి ఏమీ లేదు, ఎదురుచూడటం తప్ప. ఈ చట్టం ఎక్కడి నుంచి వచ్చిందో చదివాను. 2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చిందని తెలుసు. దాని వేళ్లు మాత్రం రాజస్థాన్ పల్లెల్లో ఉన్నాయి. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు పంచాయతీ పనుల మస్టర్ రోల్స్, బిల్లులు సంపాదించి ఊరందరి మధ్య బిగ్గరగా చదివేవారు. మొదటి జన సున్వాయీ, అంటే ఇలాంటి బహిరంగ విచారణ, 1994 డిసెంబరు 2న కోట్ కిరానాలో జరిగింది. 1996 ఏప్రిల్‌లో బ్యావర్‌లో మొదలైన ధర్నా నలభై రోజులు సాగింది. "హమారా పైసా, హమారా హిసాబ్" అన్నది వాళ్ల నినాదం. మన డబ్బు, మన లెక్క. పద్దులు రాసే దాన్ని కదా, "హిసాబ్" అన్న మాట దగ్గర కాసేపు ఆగాను. వాళ్లు అడిగింది న్యాయం అనే పెద్ద మాట కాదు. కూలీల పేర్లున్న జాబితా, సిమెంటు బస్తాల బిల్లు. చదువుతుంటే ఆ జాబితాలో ఉన్న మనిషే లేచి నిలబడి "నేను ఆ రోజు పనికి పోలేదు" అనేవాడు.

ఆగస్టు 5, మంగళవారం

అప్పీలు విచారణ. విచారణ అంటే కోర్టులా ఊహించుకున్నాను. ఒక గది, నాలుగు కుర్చీలు, తిరగని ఫ్యాను. పంచాయతీ కార్యదర్శిగారు, ఇంజినీరింగ్ కార్యాలయం నుంచి ఒకాయన, నేను. అధికారి నా అప్పీలు చదివి, ఇద్దరి వైపూ చూశారు.

"ఎం-బుక్ ఎవరి దగ్గర ఉందండీ?"

"వాళ్ల దగ్గరే సార్."

"మేం పంపించాం సార్."

"పంపించినట్టు ట్రాన్సిట్ రిజిస్టర్లో ఉందా?"

ఇంజినీరింగ్ ఆయన ఫోను చేశారు. గదిలో నలుగురం ఆ ఫోను వైపే చూస్తున్నాం. మూడు నిమిషాల తర్వాత అవతలి నుంచి జవాబు: బీరువాలో రెండో అరలో ఉంది సార్, ఇంకో ఊరి రోడ్డు పని కూడా అదే పుస్తకంలో రాశాం.

అంతే. దాచిపెట్టలేదు, పారేయలేదు. ఒకే ఎం-బుక్‌లో రెండు ఊళ్ల పనులు రాశారు, ఆ పుస్తకం రెండో ఊరి పేరుతో ఉన్న కట్టలో ఉంది. నెలన్నరగా ఒకరినొకరు వేలు చూపించుకున్నది కుట్రతో కాదు, ఎవరూ బీరువా తెరవకపోవడం వల్ల. నాకు కొంచెం నిరాశగా అనిపించిన మాట దాచను.

పది రోజుల్లో అన్నీ ఇవ్వాలని, ఫైలు చూపించాలని ఉత్తర్వు. బయటకు వచ్చాక కార్యదర్శిగారు ఆగి అన్నారు: "మేడమ్, మాకు రెండు పంచాయతీలు అప్పగించారు. పన్ను వసూలు, పింఛన్లు, సర్వేలు అన్నీ మేమే. ఇంకో మనిషి లేడు." అబద్ధం కాదు. జూన్‌లోనే ఈ మాట చెప్పి ఉంటే నేనే మండలానికి వెళ్లి ఉండేదాన్ని.

ఆగస్టు 14

నలభై ఒక్క పేజీలు, ప్రతి పేజీ మీద ధ్రువీకరణ ముద్ర. పేజీకి రెండు రూపాయల చొప్పున 82 కట్టమన్నారు. గడువు దాటాక ఇచ్చే సమాచారం ఉచితంగా ఇవ్వాలని సెక్షన్ 7(6) చూపించాను. 82 రూపాయలకు పట్టుపట్టడం చిన్నతనమా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ కట్టేస్తే గడువు దాటలేదని నేనే ఒప్పుకున్నట్టు. కట్టలేదు.

రాత్రి రెండు గంటల దాకా చదివాను. ఎం-బుక్ పేజీ ముందు పెట్టుకుంటే మొదట ఏమీ అర్థం కాదు. నిలువు గళ్లు అయిదు: సంఖ్య, పొడవు, వెడల్పు, లోతు, పరిమాణం. మట్టి తవ్వకం: ఒకటి, 112.00, 0.60, 0.55, మొత్తం 36.96 ఘనపు మీటర్లు. అడుగు కాంక్రీటు: ఒకటి, 112.00, 0.60, 0.10, మొత్తం 6.72. పక్క గోడలు: రెండు, 112.00, 0.15, 0.45, మొత్తం 15.12. క్యాలిక్యులేటర్ మీద వేసి చూశాను, గుణకారాలన్నీ సరిపోయాయి. తప్పు ఉంటే లెక్కలో ఉండదు, పొడవు గడిలో ఉంటుంది.

112.00. నేను కొలిచింది 94.5. తేడా పదిహేడున్నర మీటర్లు. గుండె కొట్టుకుంది. పిన్ని మాటే నిజమైందా?

ఆగస్టు 17, ఆదివారం

ఎవరికీ చెప్పకుండా మేస్త్రిని తీసుకుని వెళ్లాను. ఎం-బుక్‌లో కొలతల ముందు ఒక వాక్యం ఉంది, మొన్న రాత్రి దాన్ని సరిగా చదవలేదు: "చైనేజీ 0.00 రావిచెట్టు వద్ద." చైనేజీ అంటే కొలత మొదలైన చోటి నుంచి దూరం. నేను కొలత మొదలుపెట్టింది రామాలయం మూల దగ్గర. రావిచెట్టు అంతకన్నా వెనక ఉంది.

"రావిచెట్టు దగ్గర కాలువ లేదే" అన్నాను.

మేస్త్రి జవాబు చెప్పలేదు. గునపం తీసుకుని రావిచెట్టు నుంచి రామాలయం వైపు అడుగడుగుకూ నేలలో పొడుస్తూ నడిచాడు. ధప్, ధప్ అని మట్టి చప్పుడు. కొంత దూరం పోయాక ఠంగుమంది. చేత్తో మట్టి తీశాడు, సిమెంటు అంచు. ముందుకు పోతే ఒక ఇంటి ర్యాంపు, దాని కింద కాలువ. ఆ తర్వాత పేడకుప్ప. ఆ తర్వాత గడ్డివాము. ఎనిమిది మీటర్ల పొడవున, మనిషి ఎత్తుకు రెండింతలు, కాలువ నడినెత్తి మీద.

అది మా పెదనాన్న గారి గడ్డివాము.

మేస్త్రి నా మొహం చూడకుండా టేపు చుట్టుకున్నాడు. పక్కనుంచి కొలిచాం: రావిచెట్టు నుంచి రామాలయం మూల దాకా 17.4 మీటర్లు. పది సెంటీమీటర్లు టేపు వంపులో పోయిందనుకుంటే పొడవు సరిపోయింది.

ఇక మందం. పక్క గోడ 15 సెంటీమీటర్లు ఉండాలి. పది చోట్ల కొలిస్తే ఒక చోట 15, ఒక చోట 12, సగటు పదమూడున్నర వచ్చింది. దాన్ని పొడవుతో, ఎత్తుతో వేస్తే 13.61 ఘనపు మీటర్లు. రాసింది 15.12. ఒకటిన్నర ఘనపు మీటర్ల కాంక్రీటు తక్కువ. ఇది ఒప్పుకోదగ్గదా అని అడిగితే మేస్త్రి, "పలకలు సరిగా బిగించకపోతే ఇంత పోతుంది. కావాలని కూడా పోతుంది. గోడ చూసి ఏది అని చెప్పలేం" అన్నాడు. నేనూ అంతే రాసుకున్నాను.

వెళ్లిపోబోతూ అతను కాలువ రెండో కొన దగ్గర ఆగాడు. బడి గోడ పక్కన, మడుగు అంచున. "అమ్మా, దొంగతనం సంగతి తర్వాత. కాలువని ఇక్కడ ఎవరైనా ఆపుతారా? పంటకాలువ అదిగో, అక్కడుంది."

మూడు నెలలుగా పొడవు గురించే ఆలోచిస్తూ, నీళ్లు ఎక్కడికి పోవాలన్నది ఏ కాగితంలోనూ వెతకలేదు.

ఆగస్టు 22

ఫైలు తనిఖీ. యాభై నిమిషాల్లో అయిపోయింది. నకళ్లుగా ఇచ్చిన అంచనా ఫైల్లో పైన ఉంది. దాని కింద, పిన్ను కొట్టిన చోట, ఇంకో అంచనా. మొదటిది. పటంలో కాలువ బడి గోడ దాటి పంటకాలువ దాకా గీసి ఉంది, పొడవు 134 మీటర్లు. 134 మీద నీలి సిరాతో అడ్డగీత, పక్కన 112, పొడి సంతకం. నేను "అంచనా" అని ఏకవచనంలో అడిగాను కాబట్టి మంజూరైన ఒక్కటే ఇచ్చారు.

తీర్మానంలో కారణం ఉంది, నిజానికి నకళ్లలో కూడా ఉంది, నేనే పైపైన చదివాను: "మంజూరైన 3,00,000 రూపాయలకు లోబడి పనిని 112 మీటర్లకు పరిమితం చేయుటకు తీర్మానించడమైనది." డబ్బు ఎంతో ముందే తేలిపోయింది, కాలువను దానికి తగ్గట్టు కోశారు. కోత చివరి నుంచి పడింది. మొదటి నుంచి కోసి ఉంటే రావిచెట్టు దగ్గర ఇరవై రెండు మీటర్లు తగ్గేవి, నీళ్లు మాత్రం పంటకాలువలో పడేవి. ఇంతమంది సంతకాలు పెట్టిన కాగితంలో ఈ చిన్న మాట ఎవరికీ తట్టలేదు. ఊళ్లో మేస్త్రికి చూసీ చూడగానే తట్టింది.

నీలి గీత ఉన్న పేజీకి విడిగా నకలు అడిగాను, రెండు రూపాయలు కట్టాను. ఇది గడువులోపు ఇస్తున్న కాగితం కదా.

ఆగస్టు 24, ఆదివారం

పిన్నికి చెప్పాను: పొడవు మింగలేదు, గోడ మందం కొంచెం తగ్గింది, అసలు జబ్బు చివరి ఇరవై రెండు మీటర్లు. పిన్ని ఏ మాత్రం సంతోషించలేదు. "ఇంత కాగితం తెచ్చి, ఎవరూ తినలేదంటావా?" అంది. తినలేదని నేను అనలేదు, ఈ కాగితాల్లో కనిపించినంత వరకు చెప్పానన్నాను. గోడ మందం లెక్క మాత్రం కొలిచిన పది చోట్ల అంకెలతో సహా రాసి ఇంజినీరింగ్ కార్యాలయానికి ఇచ్చాను, ముద్ర వేయించుకున్నాను.

ఆగస్టు 31

వచ్చే ఏడాది గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారీ అక్టోబరు 2 నుంచి మొదలవుతుంది. దానిలో చేర్చడానికి అర పేజీ వినతి రాశాను. చైనేజీ 112.00 నుంచి 134.00 వరకు, పంటకాలువలో కలిసేలా, పాత అంచనా నకలు జతచేస్తూ. వీధిలో ముప్పయి ఒక్క సంతకాలు వచ్చాయి. ఏ పార్టీ తరఫునా కాదంటే జూన్‌లో నమ్మని ఇద్దరిలో ఒకరు కూడా పెట్టారు.

పంచాయతీలో ఇస్తుంటే అటెండరు నేను అడగకుండానే నకలు మీద ముద్ర కొట్టాడు.

పెదనాన్న దగ్గరకు కూడా వెళ్లాను. ఎం-బుక్ పేజీ చూపించి, ఇదిగో చైనేజీ సున్నా, అక్కడి నుంచి వచ్చే కాలువ మీ గడ్డివాము కింద ఉంది అన్నాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది గవర్నమెంటు ముద్రేనా?" అన్నారు. అవునన్నాను. వానలు వెనకపట్టు పట్టాక తీయిస్తానన్నారు. ఏ తేదీన అని అడగబోయి, ఆయన పెదనాన్న కాబట్టి ఊరుకున్నాను.